మైకు చెవిన పడని కంప్యూటర్

నేను పుస్తకాలు గొంతెత్తి చదివి రికార్డు చేస్తాను. అది వృత్తి. గిటార్ వాయిస్తాను, అది సరదా. పొద్దంతా గొంతు అరిగాక రాత్రి పదకొండు దాటిన తర్వాత తెర మీద కార్లు తోలతాను, అది వ్యసనం. ఈ మూడింటికీ ఉన్నది ఒకటే గది, ఒకటే బల్ల, ఒకటే కంప్యూటర్. పాతది ఆరేళ్లు పనిచేసింది. దాన్ని పంపేసి కొత్తది విడిభాగాలతో కట్టుకుని పది నెలలైంది కనుక ఇప్పుడు రాస్తున్నాను. కొన్న వారంలో రాసే సమీక్షల మీద నాకు నమ్మకం లేదు. ఆ వారంలో అందరికీ అన్నీ నచ్చుతాయి.

పాతదాన్ని ఎందుకు పంపించానో చెబితే కొత్తదాంట్లో ఏ భాగం ఎందుకు ఎంచుకున్నానో సగం అర్థమవుతుంది. ఒక నవలలో ఏడో అధ్యాయం రికార్డు చేసి పంపితే, సరిచూసే ఆవిడ తిప్పి పంపుతూ ఒకే వాక్యం రాసింది: “మీ వెనుక ఎవరైనా నిద్రపోతున్నారా?” హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నిజమే. నేను వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట, వెనుక నుంచి ఇంకెవరో నిదానంగా ఊపిరి పీల్చి వదులుతున్నారు. ఆ నిద్రపోతున్న మనిషి కంప్యూటర్ లోపలి ఫ్యాను. ప్రాసెసర్ కాస్త వేడెక్కగానే వేగం పెంచుకుని, చల్లబడగానే తగ్గించుకుని, మళ్లీ పెంచుకుంటోంది.

స్థిరమైన హోరు అయితే ఏదో ఒకటి చేయవచ్చు. ఒకే తీరులో ఉండే శబ్దాన్ని గుర్తుపట్టి తీసేసే ప్లగిన్లు, అంటే రికార్డింగ్ ప్రోగ్రాముకు తగిలించే చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయి. హెచ్చుతగ్గులతో వచ్చేదాన్ని తీయబోతే గొంతులోని గాలి కూడా దానితో పాటు పోయి, మాట నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ పెట్టిన కొలత ఒకటి ఉంది: మాటలు లేని చోట మిగిలే శబ్దం -60 డెసిబెల్స్ కంటే కింద ఉండాలి, గొంతు సగటు స్థాయి -23, -18 మధ్య ఉండాలి, శిఖరాలు -3 దాటకూడదు. చివరి రెండూ చదివే తీరుతో, కాస్త సర్దుబాటుతో సరిపోతాయి. మొదటిది మాత్రం గది దయ, కంప్యూటర్ దయ. మాట తక్కువైందని ధ్వని పెంచితే హోరు కూడా అంతే పెరుగుతుంది.

కాబట్టి విడిభాగాలు ఎంచుకునేటప్పుడు నా దగ్గర ఒకటే తక్కెడ ఉంది: ఇది మైకుకు వినిపిస్తుందా? తమ్ముడి తక్కెడ వేరు. వాడికి కంప్యూటర్లు కట్టడం బాగా వచ్చు, ఏ కార్డు ఏ ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు ఇస్తుందో ఎక్కాల్లా ఒప్పజెబుతాడు. “అక్కా, ముందు గ్రాఫిక్స్ కార్డు తేల్చుకో. మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి” అన్నాడు. “ముందు ఫ్యాన్లు తేల్చుదాం రా” అన్నాను. ఆ చూపు మీరు చూసి ఉండాల్సింది. ఇల్లు కట్టబోతూ ముందు తలుపు గడియలు కొనమన్నట్టు చూశాడు.

ప్రాసెసర్ దగ్గర పెద్దగా గొడవ పడలేదు. ఏఎండీ రైజెన్ 7 7700 తీసుకున్నాను. 8 కోర్లు (విడివిడిగా పనిచేసే భాగాలు), 16 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 65 వాట్ల రకం. 2023 జనవరిలో వచ్చింది. పేరుకు 65 గానీ, పూర్తి భారం వేస్తే దాదాపు 88 వాట్ల దాకా వెళ్లి అక్కడ తనను తాను ఆపుకుంటుంది. నాకు కావలసింది ఆ అదుపే. తమ్ముడు 7800ఎక్స్3డీ అన్నాడు. ఆటల కోసమే అయితే వాడి మాటే రైటు. దానిలో 96 ఎంబీ ఎల్3 క్యాషే (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉంది, ఆటలు దాని మీద పరుగెత్తుతాయి. అయితే నేను ఆడేది 2560×1440 తెర మీద. అక్కడ చాలా ఆటల్లో ముందుగా అలిసిపోయేది గ్రాఫిక్స్ కార్డే, ప్రాసెసర్ కాదు. పైగా 7700 గరిష్ఠ వేగం 5.3 గిగాహెర్ట్జ్, దానిది 5.0.

రికార్డింగుకు ఆ వేగం ఎందుకంటే, ఒక ట్రాకు మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని వెనుక ఒకటి పనిచేయాలి. గిటార్ శబ్దం ముందు ఆంప్‌ను (గిటార్ శబ్దం పెంచే పెట్టెను) అనుకరించే ప్లగిన్‌లోకి వెళ్లాలి, అందులోంచి బయటికి వచ్చాకే ప్రతిధ్వని ప్లగిన్‌లోకి వెళ్లాలి. ఆ గొలుసును ముక్కలు చేసి ఎనిమిది కోర్లకు పంచడం కుదరదు. ట్రాకులు ఎక్కువ ఉంటే ఎక్కువ కోర్లు అక్కరకొస్తాయి. కానీ వాయిస్తూ వింటున్న ఆ ఒక్క ట్రాకు విషయంలో ఒక్క కోరు ఎంత చురుకైనదన్నదే లెక్క. కోర్ల సంఖ్య చూసి కొనేవారు ఈ తేడా గమనించాలి. ఇంటెల్ 12వ తరం నుంచి వస్తున్న పెద్ద కోర్లు, చిన్న కోర్ల కలగలుపు కూడా చూశాను. చెడ్డదని కాదు, ఏ పని ఏ కోరుకు వెళ్తోందో నేను కాపలా కాయాల్సిన అవసరం లేని అమరిక కావాలనిపించింది.

ఇక ఫ్యాన్లు. ఇక్కడ కొంచెం కూర్చుందాం.

ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుందన్నది ఫ్యాన్లతో పనిచేసేవారి వాడుక లెక్క. చెవికి అది చిన్న తేడా కాదు, గదిలోంచి ఒక మనిషి లేచి వెళ్లిపోయినట్టే ఉంటుంది. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూనే చిన్న ఫ్యాను హడావుడిగా తోసేంత గాలి తోస్తుంది. ప్రాసెసర్ పెట్టెలోనే ఒక కూలర్ వస్తుంది. పనికి సరిపోతుంది. కానీ దాని ఫ్యాను చిన్నది, వేడి పెరిగితే తిరగక తప్పదు. అందుకే దాన్ని పెట్టెలోనే ఉంచి నాక్టువా ఎన్‌హెచ్-యూ12ఎస్ కొన్నాను. 158 మిల్లీమీటర్ల ఎత్తు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి. అదే కంపెనీ పెద్ద కూలర్ ఎన్‌హెచ్-డీ15 మీద మనసు పోయింది గానీ, దానికి రెండు ఫ్యాన్లూ బిగిస్తే కింద ర్యామ్ పలకకు 32 మిల్లీమీటర్ల ఎత్తే మిగులుతుంది. నేను అనుకున్న ర్యామ్ తలమీద అలంకారంగా లోహపు కిరీటం ఉంది, దూరదు. పైగా 88 వాట్లకు అంత గోపురం అనవసరం.

రంగు గురించి ఒక్క మాట. ఆ ఫ్యాన్లు పాలు కలిపిన కాఫీ రంగులోనూ ముదురు గోధుమ రంగులోనూ ఉంటాయి. తమ్ముడు వాటిని చూసి ముఖం తిప్పుకున్నాడు. క్యాబినెట్‌కు అద్దం లేదు కాబట్టి నాకు కనబడవు, వినబడవు కూడా.

కూలర్ మార్చినంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఈ తరం ప్రాసెసర్లు చిన్న పనికి కూడా ఒక్కసారిగా వేడెక్కుతాయి. ఒక ఫైలు తెరిచినా చాలు, ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీలు ఎగిరి రెండు సెకన్లలో దిగిపోతుంది. వాటిని 95 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారుచేశారు కనుక ఆ గెంతుల వల్ల ప్రమాదమేమీ లేదు. ఫ్యాను మాత్రం ప్రతి గెంతుకూ ఉలిక్కిపడి పరుగెత్తుతుంది. పాత కంప్యూటర్‌లో నిద్రపోతున్న మనిషి కొత్తదాంట్లోనూ దిగబోయాడన్నమాట. విండోస్ కంటే ముందే తెరుచుకునే అమరికల తెర బయోస్‌లో ఫ్యాన్ల పట్టీ తెరిచి, 65 డిగ్రీల దాకా నిమిషానికి 650 చుట్లు దాటకుండా గీత అడ్డంగా గీసేశాను. ఆ పైన మెల్లగా ఎక్కేలా వాలు పెట్టాను. వేగం మారే ముందు కొన్ని సెకన్లు ఆగి చూడమనే అమరిక కూడా అక్కడే ఉంది, దాన్నీ పెంచాను. ఈ పనికి పైసా ఖర్చు లేదు, పావుగంట పట్టింది. మొత్తం కట్టుబడిలో దీనివల్ల కలిగినంత మేలు ఇంక దేనివల్లా కలగలేదు.

క్యాబినెట్ విషయంలో మాత్రం సగం పొరబడ్డాను. పలకల లోపలి వైపు శబ్దం పీల్చే మందపాటి పొర అంటించి, ముందు వైపు తలుపు ఉన్న మూసిన రకం ఎంచుకున్నాను. చదివేటప్పుడు బంగారం. ఆటలాడేటప్పుడు లోపల వేడి గాలి చిక్కుకుని ఫ్యాన్లన్నీ వేగం పెంచాల్సి వస్తుంది. ముందు జల్లెడలా ఉండే రకం తీసుకుని ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పి ఉంటే రెండు పనులకూ దాదాపు సమానంగా నడిచేదని ఇప్పుడు నా అభిప్రాయం. శబ్దం బయటికి రాకుండా కప్పడం కంటే అసలు పుట్టనివ్వకపోవడం మేలు కదా. ప్రస్తుతానికి రాత్రి ఆటకు కూర్చునే ముందు ఆ తలుపు తెరుస్తాను, ఉదయం మైకు ముందు కూర్చునేటప్పుడు మూస్తాను. కొట్టు తెరిచి మూసినట్టే.

క్యాబినెట్ ఎక్కడ పెడతామన్నది దాని తయారీ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. నా మైకు కార్డియాయిడ్ రకం. ముందు వైపు బాగా వింటుంది, సరిగ్గా వెనుక వైపు నుంచి వచ్చేది అతి తక్కువ వింటుంది. కాబట్టి కంప్యూటర్ మైకు వీపు వైపు ఉండాలి. నేను ఏళ్ల తరబడి దాన్ని నా కుర్చీ పక్కన, అంటే మైకు ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. దూరం రెట్టింపు చేస్తే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బల్లకు ఆ చివర, కింద, మైకు వెనుకకు జరిపాను. పాత కంప్యూటర్ ఉన్నప్పుడే ఈ ఒక్క పని చేసి ఉంటే ఏడో అధ్యాయం తిరిగి వచ్చేది కాదేమో. తమ్ముడికి ఈ సంగతి చెప్పకండి. కొత్తది ఎందుకు కొన్నావని అడుగుతాడు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గరకు వచ్చేసరికి వాడి పండగ. చివరికి రెండు పేర్లు మిగిలాయి: ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4070, ఏఎండీ ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ. మొదటిది 12 జీబీ మెమరీతో 200 వాట్లు, రెండోది 16 జీబీ మెమరీతో 263 వాట్లు. ఆటల్లో రెండూ ఉద్దండులే, మెమరీ ఎక్కువ కావాలనుకునేవారికి రెండోది. నేను చూసింది మధ్యలోని ఆ 63 వాట్లు. కార్డు తాగిన కరెంటు అంతా చివరకు గదిలో వేడే, ఆ వేడిని బయటికి తోయాల్సింది ఫ్యాన్లే. 200 వాట్లదే తీసుకున్నాను. పని లేనప్పుడు ఈ కార్డు ఫ్యాన్లు అసలు తిరగవు. పుస్తకం చదివినంతసేపూ గ్రాఫిక్స్ కార్డు నుంచి చప్పుడు సున్నా.

చిప్పు ఒకరిది, దాన్ని కార్డుగా చేసి అమ్మేది వేరొకరు. నాకు మొదట వచ్చిన కార్డును తయారుచేసినవారి పేరు ఎందుకులే గానీ, ఆట మొదలుపెట్టగానే సన్నగా “గీ...” మని కీచురాయి. కాయిల్ వైన్ అంటారు దీన్ని. కరెంటు ప్రవాహం వేగంగా మారుతుంటే కార్డు మీది తీగచుట్టలు కంపించి చేసే శబ్దం. ఆట లోపల కంటే ఆట మెనూలో ఎక్కువ. అక్కడ గీయడానికి ఏమీ ఉండదు కాబట్టి కార్డు సెకనుకు వేల ఫ్రేములు గీసి పారేస్తుంటుంది. ఫ్రేముల సంఖ్యకు 120 దగ్గర కట్ట వేశాను, కీచు చాలావరకు తగ్గింది. అయినా మనసొప్పక మార్పించుకున్నాను. రెండోది మౌనంగా ఉంది. ఇది అదృష్టం మీద ఆధారపడే వ్యవహారం. ఒకే నమూనాలో ఒక కార్డు పాడుతుంది, ఇంకొకటి పాడదు. తిరిగి తీసుకునే చోట మాత్రమే కొనండి.

గిటార్ వాయించేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. నా గిటార్ పికప్పులు సింగిల్ కాయిల్ రకం. అవి తీగల కంపనంతో పాటు చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత రొదను కూడా పోగుచేస్తాయి. తెరకు, కంప్యూటర్‌కు ఎదురుగా కూర్చుంటే “జుమ్మ్...” మని తేనెతుట్టె. అలాగే కుర్చీలో మెల్లగా తిరగండి, ఒక కోణం దగ్గర అది ఉన్నట్టుండి సన్నగిల్లుతుంది. నాకు అది కిటికీ వైపు ముఖం పెట్టినప్పుడు. ఇప్పుడు తెర కనబడకుండానే గిటార్ రికార్డు చేస్తాను, మొదలుపెట్టడానికీ ఆపడానికీ కాలి కింద ఒక మీట పెట్టుకున్నాను. ఎంత ఖరీదైన కార్డు కొన్నా ఈ గొడవ పోదు.

పవర్ సప్లై 750 వాట్ల గోల్డ్ రకం. లెక్క ప్రకారం ప్రాసెసర్, కార్డు, మిగతావి కలిపినా 350 వాట్ల చుట్టుపక్కలే, 650 ధారాళంగా సరిపోతుంది. అయినా 750 తీసుకున్నది, భారం తక్కువగా ఉన్నంతసేపు దాని ఫ్యాను తిరగదు కనుక. ఆ “తక్కువ” అనే హద్దు పెద్దదాంట్లో ఇంకాస్త దూరంగా ఉంటుంది.

ర్యామ్ 32 జీబీ, డీడీఆర్5-6000, 16 చొప్పున రెండు పలకలు. నాలుగు పలకలు పెట్టే ఆలోచన మానుకోండి. ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు పలకలకు 5200 (నా 6000 దానికి మించి నడిపించేది), నాలుగింటికి 3600. ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు అనుకుంటే తర్వాత చింతించాలి. అసలు ఎంత కావాలో మొదటే తేల్చుకుని రెండింటిలో సర్దుకోవడం మంచిది.

ర్యామ్ అనగానే మొదటి రాత్రి గుర్తొస్తుంది. అంతా బిగించి మీట నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తమ్ముడి నుదురు చెమర్చింది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల తీగ సరిగా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూశాడు. నేను తెర కేబుల్ మదర్‌బోర్డుకు (భాగాలన్నీ అమరే పెద్ద పలకకు) పెట్టానా, కార్డుకు పెట్టానా అని వెనక్కి వంగి చూశాను. కార్డుకే పెట్టాను. ఆపేద్దామని వాడు మీట మీద వేలు పెట్టబోతుంటే తెర వెలిగింది. కొత్త డీడీఆర్5 ర్యామ్‌ను మదర్‌బోర్డు మొదటిసారి పరీక్షించి సర్దుకోవడానికి అలా కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. మీకూ అలాగే అయితే కంగారుపడి మధ్యలో ఆపకండి, లేచి కాసేపు అటూ ఇటూ తిరిగి రండి.

నిల్వ గురించి ఎక్కువ చెప్పను. 24 బిట్లు, 48,000 హెర్ట్జ్ దగ్గర ఒక ట్రాకు సెకనుకు 144 కిలోబైట్లు తీసుకుంటుంది. గంటకు 518 ఎంబీ. ఇరవై ట్రాకులు ఒకేసారి రికార్డు చేసినా సెకనుకు 3 ఎంబీ దాటదు. సెకనుకు 7,000 ఎంబీ అని ఊరించే డ్రైవు గొంతు రికార్డు చేయడానికి అక్కర్లేదు. ఆటలు త్వరగా తెరుచుకోవడానికి, పియానో, వయొలిన్ స్వరాల రికార్డింగుల గ్రంథాలయాలు తెరవడానికి ఒక మోస్తరు ఎన్‌వీఎంఈ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డ్రైవు) చాలు. తిరిగే హార్డ్ డిస్కు మాత్రం ఈ పెట్టెలోకి రానివ్వలేదు, అది గొణుగుతుంది. భద్రపరచిన కాపీలన్నీ పక్క గదిలోని డిస్కులో ఉంటాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ గాలిలో వినిపించే చప్పుళ్లు. నన్ను మూడు వారాలు ఏడిపించింది మాత్రం తీగలో పుట్టిన చప్పుడు.

అంతా బాగుంది, పెట్టె మౌనంగా ఉంది, గిటార్ పట్టుకుని బఫర్ 64 శాంపిళ్లకు తగ్గించాను. బఫర్ అంటే ధ్వనిని దోసిలి దోసిలిగా అందించే పద్ధతి. దోసిలి చిన్నదైతే ఆలస్యం తక్కువ, కానీ కంప్యూటర్ ప్రతిసారీ సమయానికి చేయి చాచాలి. 48,000 హెర్ట్జ్ అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలవడం, ఒక్కో కొలత ఒక శాంపిల్. అలాంటివి 64 అంటే 1.33 మిల్లీసెకన్లు. వాయిస్తుంటే మూడు నాలుగు నిమిషాలకొకసారి “టప్” మంటోంది. అన్నం తింటుంటే పంటి కింద రాయి తగిలినట్టు. ప్రాసెసర్ భారం చూస్తే 12 శాతం. తమ్ముడు వెంటనే “నేను చెప్పలేదా, ఆ ఇంకో ప్రాసెసర్ తీసుకోమని” అన్నాడు. 12 శాతం దగ్గర ఆయాసపడేదానికి ఇంకా పెద్దది కొనడమేమిటి?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాము పట్టించింది. విండోస్‌లో డ్రైవర్లు తమ అత్యవసర పనులను డీపీసీ అనే వరుసలో పెడతాయి. ఆ పని నడుస్తున్నంతసేపు ఆ కోరు మీద ఇంక ఏ ప్రోగ్రామూ నడవదు, మన రికార్డింగ్ కూడా. ఏదైనా డ్రైవరు బఫర్ గడువు కంటే ఎక్కువసేపు కూర్చుంటే, దోసిలి ఖాళీగా పోతుంది. అదే ఆ “టప్”. సగటు భారం ఎంత తక్కువైనా దీనికి సంబంధం లేదు. రోడ్డంతా ఖాళీగా ఉన్నా రైలు గేటు పడితే ఆగాల్సిందే కదా. ప్రోగ్రామును పది నిమిషాలు నడిపించి చూస్తే, పట్టికలో పైన కూర్చున్నది మదర్‌బోర్డుతో పాటు వచ్చిన వైఫై డ్రైవరు. చుట్టుపక్కల నెట్‌వర్కులు ఏమున్నాయో వెతుక్కుంటూ మధ్యమధ్య గేటు వేస్తోంది. వైఫైని ఆపేసి కేబుల్ లాగాను. ఆ సాయంత్రం గంటన్నర వాయించాను, ఒక్క రాయి తగల్లేదు.

ఇంకో జాగ్రత్త. ఏ కంపెనీదైనా గ్రాఫిక్స్ డ్రైవర్లు కూడా ఈ పట్టికలో పైకి ఎక్కే రకమే. కార్డు విద్యుత్తు ఆదా చేసుకుంటూ స్థితులు మార్చుకునేటప్పుడు సమయం మింగుతుంటాయి. విండోస్ పవర్ ప్లాన్ గరిష్ఠ పనితీరుకు మార్చడం, యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే అమరిక ఆపడం, రికార్డింగుకు ముందు ఆటల లాంచర్లన్నీ మూసేయడం నాకు పనికొచ్చాయి. డ్రైవరు ఒకసారి బాగా కుదిరాక కొత్తది వచ్చిందని ఎగబడను. కొత్త ఆట అడిగితే తప్ప మార్చను, మార్చాక మళ్లీ పది నిమిషాల పరీక్ష తప్పదు.

మదర్‌బోర్డు కొనేవారికి నా సలహా కూడా ఇక్కడిదే. దాని మీది రంగుల దీపాలు, కవచాలు చూడకండి. వెనుక ఎన్ని యూఎస్‌బీ పోర్టులున్నాయో లెక్కపెట్టండి, కేబుల్ నెట్‌వర్కు పోర్టు ఉందో లేదో చూడండి, ఫ్యాన్ల పట్టీని బయోస్‌లో ఎంత సూక్ష్మంగా దిద్దనిస్తుందో చదవండి. రెండో ఎం.2 డ్రైవు (మదర్‌బోర్డు మీదే గుచ్చే రకం) పెడితే ఏ సాటా పోర్టు (తీగతో డ్రైవు కలిపేది) పనిచేయడం మానేస్తుందో పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చదవండి. ఆడియో చిప్పు ఎంత గొప్పదని రాశారో పట్టించుకోవద్దు. మైకునూ గిటార్‌నూ కంప్యూటర్‌కు కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్, విడిగా ఉన్నవారికి అది అలంకారమే.

ఇంటర్‌ఫేస్ ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, 2023లో వచ్చిన నాలుగో తరం. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులు ఇస్తుంది, 69 డెసిబెల్స్ దాకా శబ్దాన్ని పెంచుతుంది. నాలాగా మెల్లగా చదివే గొంతుకు, సున్నితత్వం తక్కువైన డైనమిక్ మైకుకు ఆ 69 చాలా ఊరట. కంప్యూటర్‌లో మోగే శబ్దాన్ని తిరిగి రికార్డు చేసుకునే లూప్‌బ్యాక్ కూడా ఉంది, ఆట శబ్దంతో పాటు మాట్లాడేవారికి పనికొస్తుంది. చదివేటప్పుడు నా గొంతు నాకు వినడానికి డైరెక్ట్ మానిటరింగ్ వాడతాను. అందులో ధ్వని కంప్యూటర్‌లోకి వెళ్లిరాదు కనుక ఆలస్యమన్న మాటే లేదు, బఫర్ 1024 అయినా ఫరవాలేదు. ఆలస్యం బాధ గిటార్‌కే. 128 శాంపిళ్ల దగ్గర రానూ పోనూ కలిపి 5.33 మిల్లీసెకన్లు, మార్పిడికి ఇంకాస్త. గాలిలో శబ్దం అంత వ్యవధిలో ఆరడుగులు నడుస్తుంది. ఆంప్ ఆరేడు అడుగుల దూరంలో పెట్టి వాయిస్తే ఎవరూ ఫిర్యాదు చేయరు కదా. అందుకే 64 పట్టుదల వదిలేసి ఇప్పుడు 128 దగ్గరే స్థిరపడ్డాను. మూడు వారాల పోరాటం తర్వాత వచ్చిన జ్ఞానం ఇది.

స్పీకర్ల సంగతి మరిచాను. మొదట్లో మౌసు కదిపితే స్పీకర్లలో “గుర్ర్” మనేది, ఆట మొదలైతే ఇంకా గట్టిగా. భూమి తీగ రెండు దారుల్లో కలిసి వలయం ఏర్పడటం వల్ల కంప్యూటర్ లోపలి రొద స్పీకర్ల దాకా నడిచొచ్చేది. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు మామూలు తీగలు వాడాను, వాటిని తీసి బ్యాలెన్స్‌డ్ తీగలు (దారిలో చేరే రొదను రద్దుచేసే రకం) పెట్టాక పోయింది. రెండు తీగల దగ్గర తేలే పనికి పవర్ సప్లై మార్చాలని తమ్ముడు ఒక జాబితా కూడా రాసి పెట్టాడు.

పది నెలల తర్వాత లెక్క ఇలా ఉంది. ప్రాసెసర్, కూలర్, ఇంటర్‌ఫేస్ మళ్లీ కొనాల్సి వస్తే మళ్లీ ఇవే కొంటాను. క్యాబినెట్ మారుస్తాను. గ్రాఫిక్స్ కార్డు నాకు అవసరమైన దానికంటే ఒక మెట్టు ఎక్కువే, ఆ మెట్టు తమ్ముడి సంతోషం కోసం. గదిలో అన్నీ ఆపి ముప్పై సెకన్లు ఊరికే రికార్డు చేస్తే పాత కంప్యూటర్ ఉన్నప్పుడు కొలత -60కి పైన ఊగేది, ఇప్పుడు కిందే నిలకడగా ఉంటుంది. సరిచూసే ఆవిడ దగ్గర్నుంచి ఒక్క అధ్యాయం కూడా తిరిగి రాలేదు. అధ్యాయానికి ముందు ఆ ముప్పై సెకన్ల రికార్డింగ్ మాత్రం ఇప్పటికీ మానలేదు. మొన్న అందులో “టిక్ టిక్” వినిపిస్తే గంటసేపు పెట్టెలో వెతికాను, చివరికి చూస్తే నా చేతి గడియారం.

ఒక కొరత ఉంది. వచ్చే నెల ఇద్దరం కలిసి చదవాల్సిన నాటకం ఒకటి ఒప్పుకున్నాను. ఇద్దరికి రెండు మైకులు, మధ్యలో అక్కడక్కడా గిటార్. ఇంటర్‌ఫేస్‌లో ఉన్నవి రెండే దారులు. నాలుగు మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ కోసం డబ్బు పక్కన పెడుతున్నాను. ఆ డబ్బు కొత్త తరం గ్రాఫిక్స్ కార్డు కోసమని తమ్ముడు అనుకుంటున్నాడు. వాడికి ఇంకా చెప్పలేదు.